గుండ్లమెరక బస్సుకు బి ప్లస్ గ్రేడు

శేషారత్నం టీచరు జిల్లా కేంద్రంలో ఐదు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చాక, కొండమూల ఉన్నత పాఠశాలలో పద్యాలు చదవడం ఆగిపోయి, విప్పడం మొదలైంది.

వెళ్ళేటప్పుడు ఆవిడ మామూలు మనిషే. కథ చెబుతూ చెబుతూ మధ్యలో కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునే మనిషి. తిరిగొచ్చేటప్పుడు చంకలో ఒక గుడ్డసంచి, సంచిలో నీలం అట్ట పుస్తకం, ముఖంలో ఇదివరకు లేని బిగింపు తెచ్చుకుంది. సోమవారం తొమ్మిదో తరగతిలోకి రాగానే నల్లబల్ల మీద మూడు నిషేధాలు రాసింది. ఎవరు రాశారని అడగరాదు. ఎందుకు రాశారని అడగరాదు. కాగితం బయట ఉన్న దేనితోనూ ముడిపెట్టరాదు.

"దీన్ని రూపదృష్టి పఠన విధానం అంటారు," అంది టీచరు. "మన ముందున్నది కాగితం. కాగితం మీద ఉన్నవి మాటలు. ఆ మాటలు ఎలా అమిరాయన్నదే చదువు. మిగతాదంతా చెత్త."

ఆ రోజు పాఠం ఒక చిన్న కవిత. కరువులో ఒకామె కడవ చంకన పెట్టుకుని ఎండిన బావి దగ్గరికి వెళుతుంది. చదవడం పూర్తవగానే రాజ్యలక్ష్మి లేచింది.

"మా వీధి బావి గూడా ఇట్టాగే ఎండిపోయింది టీచర్. మా అమ్మ..."

"రెండు మార్కులు తగ్గించాను. మీ వీధి బావి పాఠ్యంలో లేదు."

"ఉంది టీచర్. పంచాయతీ ఆఫీసు ఎనకమాల."

"ఇంకో రెండు."

కడవ గుండ్రంగా ఉంటుంది, బావీ గుండ్రంగా ఉంటుంది, కాబట్టి అది రూపసాదృశ్యమని టీచరు రాయించింది. 'బ' అనే ధ్వని ఆరుసార్లు వచ్చిందని లెక్కపెట్టించింది. వెనక బెంచీ నుంచి ఎవరో, "ఇంతకీ ఆమెకి నీళ్ళు దొరికినయ్యా టీచర్?" అని అడిగితే, అది మనకు అనవసరమని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు కొంచెం తడబడినట్టు మూడో బెంచీలో ఉన్న మస్తాన్‌బీకి అనిపించింది. కానీ అనిపించడం కూడా నిషేధాల్లోకే వస్తుంది కాబట్టి ఎక్కడా రాసుకోలేదు.

మస్తాన్‌బీ నోరు విప్పని పిల్ల. హాజరు పిలిచినప్పుడు కూడా ఆమె తరఫున "ప్రెజెంట్" అని పక్కనున్న రాజ్యలక్ష్మే చెప్పేది. చేతిరాత మాత్రం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. అందుకే పుస్తకాల్లో కవుల పేర్ల మీద తెల్ల కాగితం ముక్కలు అతికించే పని టీచరు ఆమెకు అప్పగించింది. మైదా పిండి ఉడకబెట్టి, రెండు రోజులు కూర్చుని, మొత్తం బడిలోని కవులందరినీ మస్తాన్‌బీ కప్పెట్టింది.

తర్వాత ఇంటిపని పుస్తకాల మీద పిల్లల పేర్లూ తీసేశారు. ఎవరు రాశారని అడగకూడదు గదా. టీచరు దిద్దిన పుస్తకాలు బల్ల మీద కుప్పగా పోసేది. పిల్లలు వెళ్ళి ఎక్కువ మార్కులున్నది తీసుకునేవారు. ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో తెలుగు తప్పినవాడు లేడు. లేగదూడ చచ్చిపోయే కథ చదివినప్పుడు రాజ్యలక్ష్మి ఏడ్చింది. కన్నీటి బొట్టు జవాబు పత్రం మీద పడింది. తనిఖీకి వచ్చినాయన ఆ మచ్చను భూతద్దంతో చూసి, కాగితం మీద ఉంది కాబట్టి ఇది పాఠ్యంలో భాగమేనని తేల్చి, విరామచిహ్నం కింద అర మార్కు వేశాడు.

ఈ విధానం బడిలోనే ఉండిపోతే కథ ఇంతటితో అయిపోయేది. కానీ జిల్లాలో పెద్దవాళ్ళు ఒక సంగతి గమనించారు. రూపదృష్టితో చదివిన కాగితం మళ్ళీ ఏ పనీ చెప్పదు. ఎంత ఎండిన బావి అయినా, ఎన్ని 'బ'లున్నాయో లెక్కపెట్టాక ప్రశాంతంగా పడుకుంటుంది. దాంతో నెల తిరక్కుండానే అన్ని కార్యాలయాలలోనూ వచ్చే కాగితాలను ఇదే పద్ధతిలో చదవాలని ఆదేశం వచ్చింది. ప్రతి కార్యాలయానికీ ఒక పఠనాధికారిని వేశారు. ఆ నెలలో జిల్లాలో పరిష్కారం కాని ఫిర్యాదు ఒక్కటీ మిగల్లేదు.

సరిగ్గా ఆ నెలలోనే గుండ్లమెరక బస్సు ఆగిపోయింది.

గుండ్లమెరక మస్తాన్‌బీ వాళ్ళ ఊరు. అక్కడి నుంచి కొండమూల బడికి తొమ్మిది కిలోమీటర్లు. దారంతా గ్రానైట్ క్వారీ లారీలే. ఆడపిల్లలు ఆ దారిన నడిచి వెళ్ళే వీల్లేదు. బస్సు ఆగిన వారానికే ఇద్దరు పిల్లలు మిరప కోతలకు వెళ్ళిపోయారు. మస్తాన్‌బీ నాయన కాశిం దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. పొద్దున్నే మోపెడ్ మీద ఊళ్ళు తిరిగితేనే ఆయనకు పని దొరికేది.

"పదిహేను రోజులు నేను దింపుతా, నేనే తెస్తా," అన్నాడు కూతురితో. "ఆ తర్వాత నావల్ల కాదమ్మా. ఈలోపు బస్సొస్తే చదువుకో. రాకపోతే మీ అమ్మ పక్కన కూచుని దిండు గలీబులు కుట్టు. నన్ను తిట్టుకోబాక."

తిట్టుకోవడం మస్తాన్‌బీకి చేతకాదు. చేతనైంది రాయడం. ఆ సాయంత్రమే కూర్చుని బస్సు డిపోకు వినతిపత్రం రాసింది. ఊళ్ళో పందొమ్మిది మంది సంతకాలు పెట్టారు, నలుగురు వేలిముద్రలు వేశారు. ఎనిమిదో రోజున డిపో నుంచి జవాబు వచ్చింది. సంతకాలన్నీ కత్తెరతో నీటుగా కత్తిరించేసిన ఆమె వినతిపత్రమే వెనక్కి వచ్చింది. దానికి గుండుసూదితో ఒక నివేదిక గుచ్చి ఉంది.

"సదరు పాఠ్యము పరిశీలించడమైనది. బస్సు అను పదము పదకొండు పర్యాయములు ఆవృత్తమై లయను సాధించినది. 'రావడం లేదు', 'రావాలి' అను ద్వంద్వము నడుమ ఉద్రిక్తత చక్కగా పోషించబడినది. 'క్వారీ లారీలు' అనుచోట ధ్వని శ్రవణసుభగముగా నున్నది. ముగింపు వాక్యము భావోద్వేగపూరితమగుటచే ఒక మెట్టు తగ్గించడమైనది. పాఠ్యము స్వయంసంపూర్ణము. బాహ్యచర్య అవసరము లేదు. గ్రేడు: బి ప్లస్."

శేషారత్నం టీచరు అది చదివి మురిసిపోయింది. "డిపో నుంచి బి ప్లస్ అంటే మాటలు కాదమ్మాయ్. మన హెడ్మాస్టరు గారి ప్రహరీగోడ దరఖాస్తుకి సి ఇచ్చారు."

కాశిం అంత మురిసిపోలేదు. "బి ప్లస్ అంటే బస్సు వచ్చుద్దనా, రాదనా?"

"రాదని," అంది మస్తాన్‌బీ మెల్లగా.

"మరి ప్లస్ దేనికే?"

మర్నాడు ఆమె తల్లి హుస్సేనమ్మ పనులన్నీ పక్కన పడేసి, కూతురి చెయ్యి పట్టుకుని, క్వారీ లారీ డ్రైవరును బతిమాలి డిపోకు వెళ్ళింది. డిపో పఠనాధికారి గురవయ్య. మొన్నటిదాకా టికెట్లు తనిఖీ చేసిన మనిషి. ఇప్పుడు ఆయన బల్ల మీద ఒక కత్తెర, ఒక భూతద్దం, గ్రేడు ముద్రలు, ఒక తట్టలో కాగితాలు ఉన్నాయి.

"అయ్యా, గుండ్లమెరక నించి వచ్చాం. బస్సు సంగతి," అంది హుస్సేనమ్మ.

గురవయ్య తలెత్తలేదు. "ఆ పాఠ్యం పఠనం పూర్తయింది. మీరు ఏ హోదాలో మాట్లాడుతున్నారు?"

"హోదా ఏంది? ఇది నా కూతురు. ఆ కాయితం రాసింది..."

"ఆపండి," అన్నాడు గురవయ్య, చెవులు మూసుకుంటూ. "ఎవరు రాశారో నేను వినకూడదు. పైగా తల్లీ, మీరు కాగితం బయట ఉన్నారు."

"బయట ఉండక కాయితంలో ఎట్టా ఉంటానయ్యా? మడిచి పెట్టుకుంటావా నన్ను?"

"మీరు ఆవేశపడుతున్నారు. బస్సు అనేది ఒక పదం. అది వాహనాన్ని సూచిస్తుందని పాఠ్యంలో ఆధారం లేదు."

"మీ డిపోలో ఆ ఎర్రంగా కనపడేవి ఏంది మరి? పదాలా? ఎక్కి కూచుంటే కింద పడతామా?"

గురవయ్య తట్టలోంచి ఇంకో కాగితం తీశాడు. ఎవరో డ్రైవరు రాసిచ్చింది. 'బ్రేకు పట్టడం లేదు, ఇక దేవుడే దిక్కు.' రెండుసార్లు చదువుకుని, "చిన్నదే గానీ సాంద్రత ఉంది," అని ఎ గ్రేడు ముద్ర వేసి కట్టలో పెట్టాడు. దాని కింద ఒక చాకలిపద్దు ఉంది. పొరపాటున వచ్చి పడినట్టుంది. చొక్కాలు మూడు, లుంగీలు రెండు, దుప్పటి ఒకటి. ఆయన కళ్ళు చెమర్చాయి. "అవరోహణ క్రమం చూశారా? మూడు, రెండు, ఒకటి. ఎక్కడా అదనపు మాట లేదు." దాన్ని జిల్లా వార్షిక సంకలనానికి పంపమని పక్కన పెట్టాడు.

ఆ తర్వాత తీసిన కాగితాన్ని మాత్రం ఆయన చదవలేదు. పైన ఒకసారి, అడుగున ఒకసారి చూశాడు. కింది సంతకాన్ని కత్తెరతో తీసేశాడు. అటెండరును పిలిచి, "ఇది అమలుకి," అని చేతిలో పెట్టాడు. అటెండరు పరుగున వెళ్ళిపోయాడు.

మస్తాన్‌బీ అది చూసింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ఆఫీసరుతో మాట్లాడింది.

"అదెందుకు చదవలేదు సార్?"

"అది ఉత్తర్వు. రూపాన్ని బట్టే తెలిసిపోతుంది," అన్నాడు గురవయ్య. పాఠం చెప్పే అవకాశం వచ్చేసరికి ఆయన ముఖం వెలిగింది. "ప్రార్థిస్తున్నాము అని ముగిసేది వినతి. దాన్ని ఆస్వాదించాలి. జారీ చేయడమైనది అని ముగిసేది ఉత్తర్వు. దాన్ని అమలుచేయాలి. రూపమే సర్వస్వం తల్లీ."

"ఉత్తర్వు ఎవరు రాశారో చూడరా సార్?"

గురవయ్య జాలిగా నవ్వాడు. "బడికి పోయే పిల్లవి. మొదటి నిషేధమే రాలేదా నీకు?"

తిరిగి వచ్చే దారిలో హుస్సేనమ్మ ఆ ఆఫీసును, ఆ కత్తెరను, ఆ గురవయ్య ఏడు తరాలను లారీ చప్పుడుకు మించి తిట్టింది. మస్తాన్‌బీ ఒక్క మాటా వినలేదు. మనసులో వాక్యాలు అమర్చుకుంటూ కూర్చుంది.

ఆ ఆదివారం ఆమె ఒక ఉత్తర్వు రాసింది. అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఎవరి పేరూ పెట్టలేదు, ఎవరి సంతకమూ చేయలేదు. కత్తిరించే శ్రమ కూడా గురవయ్యకు తప్పించింది. సోమవారం దాన్ని శేషారత్నం టీచరు ముందు పెట్టి, తల వంచుకుని నిలబడింది.

టీచరు చాలాసేపు చదివింది. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసింది. తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. నల్లబల్ల మీది మూడు నిషేధాల వైపు ఒకసారి చూసింది.

"ఇది ఎవరు రాశారో నేను అడగను," అంది నెమ్మదిగా. "అడగడానికి వీల్లేదు. కానీ ఉత్తర్వుకి సూచిక ఉండాలి. అది లేకపోతే రూపం కుంటుతుంది. నీ బి ప్లస్ నివేదిక మీద ఒక నంబరుంది గదా, అది వెయ్యి."

మస్తాన్‌బీ ఆ నంబరు వేసింది. ఉత్తర్వు ఇలా తయారైంది.

"విషయము: గుండ్లమెరక – కొండమూల బస్సు. సూచిక: డిపో పఠన నివేదిక సంఖ్య 212. ప్రతి పనిదినమున ఉదయం ఎనిమిది గంటల పది నిమిషములకు డిపో బస్సు ఒకటి గుండ్లమెరక నుండి బయలుదేరి కొండమూల ఉన్నత పాఠశాల ఆవరణ చేరవలెను. దూరము నుండి ఎవరైనను పరుగెత్తుకొని వచ్చుచున్నచో రెండు నిమిషములు ఆగవలెను. ఇందుమూలముగా ఉత్తర్వులు జారీ చేయడమైనది."

టపాలో వేసిన ఆ ఉత్తర్వు వారం తిరిగేలోపు అమలైంది. సోమవారం ఎనిమిదీ పదికి గుండ్లమెరక రచ్చబండ దగ్గర బస్సు ఆగి ఉంది. ఊరంతా వచ్చి చూసింది. బయలుదేరబోతుండగా ఒక కుక్క వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చింది. కండక్టరు జేబులోంచి కాగితం నకలు తీసి చూసుకుని, "ఎవరైనను అని ఉందబ్బా, ఆపు," అన్నాడు. బస్సు రెండు నిమిషాలు కుక్క కోసం ఆగింది. కుక్క ఎక్కలేదు.

బస్సు బడి ఆవరణలోకి వచ్చి నిలబడింది. పిల్లలు దిగారు. సాయంత్రం నాలుగున్నరకు బడి విడిచిపెట్టి పిల్లలు బయటికి వస్తే బస్సు అక్కడే ఉంది. మస్తాన్‌బీ ఎక్కబోయింది.

"యాడికి పాపా?" అన్నాడు కండక్టరు.

"ఇంటికి అన్నా."

"ఇంటికి అని ఉత్తర్వులో లేదమ్మా. చేరవలెను అని ఉంది. చేరాం. ఆడితో అయిపోయింది."

సాయంత్రం సంగతి రాయడం మస్తాన్‌బీ మర్చిపోయింది. కాశిం మోపెడ్ మీద వచ్చి, నిలబడి ఉన్న బస్సును పైనుంచి కిందికి చూసి, కూతుర్ని ఎక్కించుకుని వెళ్ళాడు.

డిపోకి తిరిగి వెళ్ళమని కూడా ఉత్తర్వులో లేదు. కాబట్టి ఆ బస్సు వెళ్ళలేదు. మంగళవారం ఇంకో బస్సు వచ్చింది. వచ్చి మొదటిదాని పక్కన నిలబడింది. గురువారానికి బడి ఆవరణలో నాలుగు బస్సులు, ఎనిమిది మంది సిబ్బంది. వాళ్ళు బడి కుళాయి దగ్గర బట్టలు ఉతికి, ఖోఖో స్తంభాలకు తాడు కట్టి ఆరేసుకున్నారు. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలతోపాటు వరసలో కూర్చున్నారు. హెడ్మాస్టరు డిపోకు ఉత్తరం రాస్తే, 'నాలుగు' అను సంఖ్య క్రమంగా పెరుగుతున్నట్టు ధ్వనించడం బాగుందని బి గ్రేడు వచ్చింది.

రోజూ సాయంత్రం కాశిం ఆ బస్సుల మధ్య నుంచి మోపెడ్ తోసుకుంటూ వచ్చేవాడు. "పొద్దున పీడ వదిలింది గానీ సందేళ పీడ అట్టాగే ఉంది," అన్నాడు శుక్రవారం. "ఇప్పటికే నేను చెప్పిన గడువు దాటిపోయింది. రేపొక్కరోజు. సోమవారం నుంచి నువ్వు ఇంటి దగ్గిరే."

శనివారం ఆరో బస్సు వచ్చింది. అందులోంచి జిల్లా ప్రత్యేక పఠనాధికారి డాక్టర్ అనంతపద్మనాభం గారు దిగారు. ఆయనకు జీపు ఉంది. కానీ డీజిలు కోసం పెట్టిన కాగితాన్ని పై ఆఫీసు చదివి ఎ ప్లస్ ఇచ్చింది. అందుకని తెల్లవారుజామునే డిపోకు వచ్చి, మొదట కదిలిన బస్సు ఎక్కారు. డిపోలో ఉన్నవి పన్నెండే బస్సులని, ఇలాగే సాగితే పై వారం చివరికి డిపో ఖాళీ అవుతుందని ఆయనకు కబురు అందింది.

ఆయన తొమ్మిదో తరగతిలో కుర్చీ వేయించుకుని, ఉత్తర్వును రెండు చేతులతో పట్టుకుని చదివారు. చదివి కళ్ళు మూసుకున్నారు.

"ఎంత పొదుపు. ఎంత బిగువు," అన్నారు. "మన జిల్లాలో ఇంతటి ఉత్తర్వు వెలువడలేదు. ఎవరు రాశారని నేను అడగను. అడగడం లేదు." అని తరగతిలో ఒక్కొక్క ముఖాన్నీ పరీక్షగా చూశారు. "ఎవరైనా తమంతట తాము చెబితే, అది నా చెవిన పడితే, దాన్ని అడగడం అనరు."

శేషారత్నం టీచరు కిటికీ బయటికి చూస్తోంది.

"రద్దు చేసేయరాదా సార్?" అన్నాడు హెడ్మాస్టరు, దిగులుగా.

"ఏ కారణంతో? ఎందుకు రాశారో తెలుసుకోరాదు. ఎవరిని సంజాయిషీ అడగాలో తెలుసుకోరాదు. రూపంలో దోషం చూపితే తప్ప ఉత్తర్వును ముట్టుకోవడానికి లేదు."

"మరి ఆ ఆరు బస్సులు?"

"అవి కాగితం బయట ఉన్నాయి."

రాజ్యలక్ష్మి ఊరుకోలేకపోయింది. "మరి మీరు సందేళ ఎట్టా ఎళ్తారు సార్? మీరు గూడా దాంట్లోనే వచ్చారు గదా."

అనంతపద్మనాభం గారు కిటికీలోంచి బస్సుల వైపు చూశారు. మొదటి బస్సు చక్రం కింద ఒక మేక పడుకుని ఉంది. ఆయన ముఖంలో రంగు మారింది.

అప్పుడు మస్తాన్‌బీ లేచి నిలబడింది. రాజ్యలక్ష్మి అదిరిపడి పక్కకు జరిగింది. సోమవారం నుంచి గలీబులు కుట్టడం తప్ప ఇంకేమీ లేదని తెలిసిన పిల్లకు ఇంకా భయపడటానికి ఏం మిగిలింది.

"రూపంలో దోషం ఉంది సార్," అంది.

"బయలుదేరడం ఉంది. చేరడం ఉంది. తిరిగి రావడం లేదు. వెళ్ళడానికి ద్వంద్వం తిరిగి రావడం సార్. ఒక కొస లేకుండా ఉద్రిక్తత ఎట్టా తీరుద్ది? పాఠ్యం సగంలో ఆగిపోయింది."

అనంతపద్మనాభం గారు కుర్చీలోంచి లేచారు. కాగితం మళ్ళీ చదివారు. "నిర్మాణవైకల్యం," అన్నారు గాలి పీల్చుకుంటూ. "అంతర్గతమైనది. పాఠ్యంలోనే ఉన్నది. బయటి నుంచి తెచ్చింది కాదు." ప్రాణం లేచొచ్చినట్టు తన జేబులోని పెన్ను తీసి అందించారు. "పూరించు తల్లీ. నీ పేరు చెప్పకు."

మస్తాన్‌బీ ఉత్తర్వు కింద నిదానంగా రాసింది.

"పై బస్సులన్నియు సాయంత్రం నాలుగున్నరకు పాఠశాల నుండి పిల్లలను ఎక్కించుకొని బయలుదేరి, కొండమూల సెంటరులో జిల్లా కేంద్రమునకు పోవువారిని దింపి, గుండ్లమెరక చేరి, రాత్రికి అచ్చటనే ఆగవలెను. ఆగిన బస్సులే తదుపరి పనిదినమున ఉదయం బయలుదేరవలెను. డిపో నుండి వేరే బస్సు పంపనవసరము లేదు."

జిల్లా కేంద్రానికి పోవువారిని దింపడం గురించిన మాటలను ఆయన మూడుసార్లు చదువుకున్నారు. ఎంత సమతూకమని మెచ్చుకుని, సంచిలోంచి ముద్ర తీసి అక్కడికక్కడే వేశారు. నకలు ఒకటి మొదటి బస్సు కండక్టరు చేతికి ఇచ్చారు.

నాలుగున్నరకు ఆరు బస్సులూ ఒకదాని వెనక ఒకటి బడి గేటు దాటాయి. కాశిం మోపెడ్ మీద అప్పుడే వచ్చాడు. మొదటి బస్సు కిటికీలో కూతురి ముఖం కనపడేసరికి, మోపెడ్ పక్కకు తిప్పి, అటు చూస్తూ కాలు నేలకు ఆనించి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఆరో బస్సు వెనకాల దుమ్ములో మెల్లగా ఊరికి వచ్చాడు.

పొద్దు వాలే వేళకు గుండ్లమెరకలో ఆరు బస్సులు వరసగా నిలబడ్డాయి. ఊరి జనం కంటే బస్సులే ఎక్కువ కనపడుతున్నాయి. పిల్లలు దిగాక పన్నెండు మంది డ్రైవర్లూ కండక్టర్లూ ఒళ్ళు విరుచుకుంటూ దిగి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. హుస్సేనమ్మ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంతమంది మన ఊళ్ళో పడుకుంటారా?"

"ఊ," అంది మస్తాన్‌బీ.

"అన్నం ఎవురు వండాలో రాశారా ఆ కాయితంలో?"

మస్తాన్‌బీ తలవంచుకుంది. హుస్సేనమ్మ కూతురి ముఖంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వంచి చేటలో పోసుకుని, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

"నువ్వేంది ఇంకా నిలబడ్డావు?" అంది రాళ్ళు ఏరుతూ. "లోపలికి పోయి లెక్కలు చేసుకో. సోమవారం బస్సుంది."